వీధియే రంగస్థలమైనచోట

నాటకశాలకు పోయిన మనము మొట్టమొదట కుర్చీ వెదకుకొందుము. దీపములు ఆర్పుదురు. గంట మ్రోగును. తెర తొలగును. అది మొదలు రెండు మూడు గంటలసేపు మనము అచట లేనట్లే నటులు మెలగుదురు. వారు వెలుతురులో నుందురు, మనము చీకటిలో నుందుము. ఈ ఏర్పాటునకు మనమెంతగా అలవాటు పడితిమనగా, నాటకమనిన ఇట్లే యుండవలెను గాబోలునని తలంచుచున్నాము. కాని ఇది తెలుగుదేశమునకు వచ్చి నిండా నూటయేబది ఏండ్లు కాలేదు.

దీనికి ముందునుండియు, దీనితోబాటుగను, మన ఉత్తరాంధ్రమున మరియొక ఏర్పాటు నడచుచున్నది. అందు ప్రేక్షకునకు కుర్చీ లేదు, చీకటియు లేదు. అతడు ఆటకు ఎదుట గాక ఆట నడుమ నుండును. వీధి, చెరువుగట్టు, కోటగోడ, మేడపై నిలిచిన ఇల్లాలు, ఇవన్నియు ప్రదర్శనలో భాగములే. అట్టిదానిని ఎవరు, ఎట్లు కూర్చుదురు? ఇందుకు విజయనగరపు పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవముకంటె మంచి ఉదాహరణము మాకు తెలియదు.

'అది పూజ గదా, నాటకమెట్లగును?' అని పెద్దలు కొందరు అడుగవచ్చును. భక్తులకు అది పూజయే. ఆ మాటను మేము కాదనము. మేము చూడదలచినది దాని కూర్పును మాత్రమే. ఏ వస్తువు ఎక్కడ నిలిచినది, ఏది ముందు నడచినది, ఏది వెనుక వచ్చినది, చూచువాడు ఎక్కడ నున్నాడు, వానికి ఏమి పని ఒప్పగింపబడినది అను సంగతులు నాటకశాలలోనైనను గుడివీధిలోనైనను ఒక్కటే.

భరతుని నాట్యశాస్త్రము రెండవ అధ్యాయమున నాటకశాల కొలతలు కలవు. దీర్ఘచతురస్రము, చతురస్రము, త్రికోణము అని ఆకృతులు మూడు. మనుష్యులకు తగినది 64 మూరల పొడవు, 32 మూరల వెడల్పు గలది. అనగా మన లెక్కలో ఇంచుమించు 96 అడుగులు, 48 అడుగులు. ఇంతకు మించినచో నటుని పలుకు చెదరిపోవుననియు, ముఖమునందలి భావము వెనుకవారికి కానరాదనియు శాస్త్రకారుడు కారణము కూడ చెప్పినాడు. ఇది కేవలము సంప్రదాయము గాదు. చెవికిని కంటికిని గల హద్దును కొలిచి చూచినవాని మాట.

మరి ప్రేక్షకులు వేయిమంది గాక లక్షలైనచో? ముఖము కనబడదు, పలుకు వినబడదు. ఆ గుంపులో ఏ మూలనున్న మనిషికైనను 'నేను చూచితిని' అనిపించుట ఎట్లు? విజయనగరము ఈ చిక్కును ఏ ఇంజనీరును పిలువకయే విప్పుకొన్నది.

కథ చాలమందికి తెలిసినదే. 1757 జనవరి 24న బొబ్బిలి యుద్ధము జరిగెను. కోట పడిన పిదప విజయనగర ప్రభువు పూసపాటి పెద విజయరామరాజు తాండ్ర పాపారాయని చేతిలో హతుడాయెను. రాజు సోదరి పైడిమాంబ ఈ యుద్ధము వలదని వారించెననియు, సోదరుని మరణవార్త విని ప్రాణములు విడిచెననియు, పిమ్మట పెద్దచెరువున విగ్రహరూపమున దొరకెననియు జనులు చెప్పుకొందురు. రైల్వేస్టేషను దగ్గర వనంగుడి, మూడులాంతరుల కూడలిలో చదురుగుడి, ఈ రెండును ఆ తల్లివే. విజయదశమి వెళ్లిన తరువాతి మంగళవారమున సిరిమాను ఊరేగును. ముందునాటి సోమవారము తొలేళ్లు. ఆ రాత్రి రైతులు అమ్మవారి ప్రసాదముగా విత్తనములు పుచ్చుకొందురు. సిరిమానునాటి గుంపులో సగము పల్లెలనుండి వచ్చినవారేయని చూచినవారికి చెప్పనక్కరలేదు.

ఇక మాను సంగతి. ప్రతి సంవత్సరము క్రొత్త చింతచెట్టు కావలెను. అది ఎక్కడ నున్నదో అమ్మవారు పూజారికి స్వప్నమున తెలుపునని విశ్వాసము. చెట్టుకు పూజచేసి కొట్టి, హుకుంపేటలో పూజారి ఇంటికి తెచ్చి, వడ్రంగులచేత చెక్కింతురు. సిరిమాను ఒకటి, దానికి ఆధారమగు ఇరుసుమాను మరియొకటి. సిరిమాను పొడవు సుమారు 50 మొదలు 60 అడుగులు. చింతమాను గట్టిది, బరువైనది, ఊరకే విరుగునది గాదు. దాని మొదలు బండిపై ఇరుసునకు బిగింపబడి యుండును. కొనను దించి ఆసనము కట్టి, పూజారిని కూర్చుండబెట్టి, పిదప మెల్లగా పైకి లేపుదురు. ఇది త్రాసు సూత్రమే. క్రింద మొదటను పట్టుకొన్నవారి బరువు, తాళ్ల బిగువు, పైన ఒక మనిషి బరువు, ఈ మూడును సరిపడవలెను. వీధి ఎగుడుదిగుడుగా నున్నచోట బండి కొంచెము ఒరిగినచో పైన ఆసనము అంతకు పదింతలు ఊగును. ఆ ఊగుట క్రింది జనము గుండెలో తెలియును.

మేము చూడుమనుచున్నది ఇక్కడనే. ఊరు తన ముఖ్యపాత్రను ఇండ్లకప్పులకంటె ఎత్తున నిలిపినది. వీధిలో ఎంత గుంపున్నను ఒకరి తల ఒకరికి అడ్డము గాదు. పూజారి ముఖములో నవరసములు పలికింప నక్కరలేదు, పలికించినను కనబడవు. అతని చేతిలో ఒక విసనకర్ర. కదలిక అంతయు అందే యున్నది. అరువది అడుగుల ఎత్తునను ఆ కదలిక తెలియును. దూరపు చూపునకు చిన్న అభినయము పనికిరాదని తెలిసి పెద్ద గురుతు నొకదానిని ఏర్పరచిన నేర్పు ఇది.

పూర్వము దక్షిణదేశమున 'సిడి' అను వాడుక యుండెను. మ్రొక్కుకొన్నవాని వీపున కొక్కెము గ్రుచ్చి మ్రాను కొనకు కట్టి త్రిప్పెడివారు. ఆంగ్లేయుల కాలమున దానిని మాన్పించిరి. సిరిమానును చూచిన పండితులకు ఆ సిడి గురుతు వచ్చుటలో వింత లేదు. కాని ఇచట కొక్కెము లేదు, నెత్తురు లేదు. మనిషి ఆసనముపై కూర్చుండును. భయము మాత్రము నిజమైనదే, ఎత్తు నిజమైనదే. రంగస్థలముపై నటుడు కొండనుండి దూకినట్లు నటించినచో మనము మెచ్చుకొందుము, ఒడలు జలదరింపదు. ఇచట జలదరించును.

సిరిమానుకు ముందు నడచునవి మరి కొన్ని గలవు. పాలధార, అంజలి రథము, తెల్లయేనుగు, బెస్తవారి వల. వీనిలో మాకు మిక్కిలి ప్రీతియైనది వల. చెరువునుండి విగ్రహమును వెలికితీయుటలో తోడ్పడిన బెస్తల జ్ఞాపకముగా అది ఊరేగును. ఉత్త వల. దానికి బంగారుపూత లేదు, అలంకారము పెద్దగా లేదు. నాటకసామగ్రి చేయువారు దీనిని గమనింపవలెను. కథలో నిజముగా పనిచేసిన వస్తువును తెచ్చి నడిపించినచో దానికి రంగు పూయ నక్కరలేదు.

చదురుగుడినుండి కోటవరకు, కోటనుండి గుడివరకు, ఇట్లు మూడు మారులు సిరిమాను తిరుగును. రాజకుటుంబమువారు కోట బురుజుపైనుండి చూతురు. దూరము ఎక్కువ గాదు. మూడు మారులెందుకని మేము చిన్ననాడు అడిగితిమి. 'మొక్కు' అనిరి. పెద్దవారమైన పిదప మాకు తోచినది వేరు. మొదటిమారు జనము నోరు తెరచి చూచును, అంతే. రెండవమారు తెలిసినదానిని చూచును, పిల్లలకు చూపును, చేతిలోని అరటిపండు గురిచూచి విసరును. మూడవమారు సాగనంపును. ఒక్కమారే తిరిగినచో గుంపులో సగము మందికి చూపే అందదు, తక్కినవారికి చూచుటతోనే సరిపోవును.

ఆ అరటిపండ్ల సంగతి చెప్పవలెను. కోరిక తలచుకొని సిరిమానుపైకి పండు విసరుట అచటి ఆచారము. నాటకశాలలో ప్రేక్షకుడు ఏదైనను విసరినచో అది నటునికి అవమానము. ఇచట విసరుటయే ప్రేక్షకుని పాత్ర. లక్షమందికి లక్ష పాత్రలు, ఒక్క వరుస సంభాషణ వల్లింప నక్కరలేదు.

ఒక సంవత్సరము మేము తెలిసినవారి మేడపై నిలిచి ఉత్సవమును చూచితిమి. అన్నియు చక్కగా కనబడెను. ఫొటోలు కూడ బాగుగ వచ్చెను. మరుసటి సంవత్సరము వీధిలో నిలిచితిమి. చెప్పుల జతలో ఒకటి పోయెను. బండి చక్రము చూడనే లేదు. మాను కొన మాత్రము రెండు మారులు కంటబడెను. ఎవరో వృద్ధురాలు మా భుజము పట్టుకొని నిలిచి, మాను దాటిపోయిన పిదప కూడ చాలసేపు వదలలేదు. ఈనాడు ఎవరైనను 'సిరిమాను చూచితిరా?' అని అడిగినచో మాకు గురుతు వచ్చునది ఆ రెండవ సంవత్సరమే.

ఇదే ఊరిలో రెండవ ఏర్పాటు కూడ వర్ధిల్లినది. 1892లో జగన్నాథ విలాసినీ సభవారు గురజాడ అప్పారావుగారి 'కన్యాశుల్కము'ను విజయనగరముననే మొదట ప్రదర్శించిరి. అప్పటికే ధార్వాడ నాటకసమాజము తెలుగుదేశమున తిరిగి, వ్రాత తెరలు, ప్రక్కరెక్కలు గల రంగస్థలమును మనవారికి చూపియుండెను. 1885లో కడపసీమలోని సురభిలో మొదలైన నాటకసమాజము తెరలతో మాయలు చేయుట నేర్చుకొనుచుండెను. మనమిప్పుడు చదువు 'కన్యాశుల్కము' 1909 నాటిది. దాని మొదటి రంగము విజయనగరములోని బొంకులదిబ్బ. గిరీశము మొదట మనకు కనబడునది అచటనే.

బొంకులదిబ్బ కోటకు దగ్గరనే యున్నది. అనగా ఊరివారు డబ్బిచ్చి టిక్కెట్టు కొని, తలుపులు మూసిన చోట కూర్చుండి, బయట నాలుగడుగులు నడచినచో కనబడు దిబ్బను తెరపై రంగులలో చూచి సంతోషించిరన్నమాట. నవ్వవలసినది లేదు. ఇంటిముందరి చోటును కొంచెము దూరముగా నిలిపి చూపినచో అందలి మనుష్యుల బొంకు తేటపడును. ఆ నాటకమునకు ఆ దూరము అవసరము. గిరీశముపై అరటిపండ్లు విసరవలెనని కొందరికి తోచియుండవచ్చును గాని, అప్పుడు ఆట సాగదు. వాడుకభాషలో వ్రాసిన ఆ నాటకమునుగూర్చి మేము గ్రాంథికమున ముచ్చటించుట అప్పారావుగారు విన్నచో ఏమందురో!

ఈ రెంటికి నడుమ నుండునది తూర్పు భాగవతము. శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతములలో రాత్రియంతయు ఆడు భామాకలాపము. దీనికి శాల లేదు. ఊరిలో చదునైన చోటు చాలును. జనము చుట్టును కూర్చుందురు. నటులు జనము నడుమనుండియే వత్తురు. ఇద్దరు మనుష్యులు రెండు కొనలు పట్టుకొన్న వస్త్రమే తెర. యంత్రముతో లేచు తెర ఒక్కసారిగా తొలగును. చేతితో పట్టిన తెర ఆగగలదు, వంగగలదు, కొంచెము చూపి మరల దాచగలదు. సత్యభామ ఇంకను కనబడక మునుపే మద్దెల మ్రోత ఊరిచివర ఇండ్లకు ఆమె రాకను తెలుపును. పిల్లలు నిద్రలేచి వచ్చునది ఆ మ్రోతకే.

వెలుగు విషయములోను పూర్వులకు నేర్పు తక్కువ గాదు. కాగడాల వెలుతురున ఆడిన కాలమున, ముఖ్యపాత్ర ప్రవేశించువేళ కాగడాపై గుగ్గిలపు పొడి చల్లెడివారు. భగ్గున మంట లేచి ఆ క్షణమున నటుని ముఖము, నగలు మెరసి మరల మసకబారును. ఇప్పటి స్విచ్చు చేయు పనియే ఇది. పిమ్మట పెట్రోమాక్సు దీపములు, విద్యుద్దీపములు వచ్చెను. రాత్రియంతయు ఒకే తీరు వెలుగు. మైకు కూడ వచ్చెను. కఱ్ఱకు బిగించిన మైకు ముందు నటి నిలిచి పాడవలసివచ్చినందున అడుగుల విసురు తగ్గినది. మైకువలన బ్రతుకుచున్న మేము ఈ మాట అనుట సబబు గాదేమో. కాని నిజము నిజమే.

వెలుగును కాలముతో ముడిపెట్టి కూర్చుటకు శ్రీకాకుళము చెంత అరసవిల్లిలో వేరొక సాక్ష్యమున్నది. తూర్పు గాంగరాజు దేవేంద్రవర్మ ఏడవ శతాబ్దమున కట్టించినాడని చెప్పబడు ఆ సూర్యదేవాలయమున, మార్చి రెండవ వారమునను అక్టోబరు మొదటి దినములలోను, ఉదయపు కిరణములు ద్వారములగుండ సూటిగా పోయి మూలమూర్తి పాదములను తాకును. నిమిషముల వ్యవధి. జనము చీకటితో లేచి వచ్చి నిలుచును. మబ్బు పట్టినచో ఆనాటికి లేదు. ఇట్టి దీపాలంకరణము ఏ నాటకశాలకు సాధ్యము?

పైదేశములవారు ఈ మార్గమును క్రొత్తగా కనుగొన్నట్లు వ్రాయుచుందురు. అమెరికావాడగు రిచర్డు షెక్నరు 1968లో, ప్రేక్షకుని స్థలమును నటుని స్థలమును వేరుచేయు గీత అవసరము లేదని వాదించి, 1973లో 'ఎన్విరాన్‌మెంటల్ థియేటర్' అను గ్రంథమును ప్రకటించెను. ఆయన మెచ్చి పరిశీలించినవానిలో కాశీకి ఎదురుగా గంగ ఒడ్డుననున్న రామనగరపు రామలీల యొకటి. అందు ఇంచుమించు నెలదినములు అయోధ్య ఒకచోట, జనకపురి ఒకచోట, లంక ఊరికి దూరముగా వేరొకచోట ఏర్పడును. రాముడు అడవికి పోవునప్పుడు జనము కూడ నడచిపోవును. మైకులు లేవు, విద్యుద్దీపములు లేవు. లండనుకు చెందిన పంచ్‌డ్రంక్ సమాజము 'మాక్‌బెత్' కథను 'స్లీప్ నో మోర్' అను పేర న్యూయార్కులో 2011 నుండి 2025 వరకు ఒక పాత గిడ్డంగి అంతస్తులలో ఆడించినది. ప్రేక్షకులు తెల్లని ముఖతొడుగులు ధరించి గదిగదికి తిరుగవలెను, నోరెత్తరాదు. అది మంచి యోచనయే. కాని ముఖము దాచి, మాట మాన్పించి ఆట నడుమకు పంపిన మనిషి ఇంకను చీకటిలో కూర్చున్న మనిషియే గదా యని మాకు అనుమానము. విజయనగరపు వీధిలో ఎవరి ముఖము వారిదే, అరుపు వారిదే, పండు వారిదే.

ఇంతవరకు మెచ్చుకొనుటయే సరిపోయినది. ఇప్పుడు ఊరివారిని కలతపెట్టు ప్రశ్న యొకటి గలదు. జనము లక్షలైనప్పుడు తొక్కిసలాట భయము కల్ల గాదు. పోలీసువారు ఇనుపకంచెలు కట్టుదురు, వీధులు మూయుదురు, గొప్పవారికి వేదికలు వేయింతురు, కెమెరాలు నిలుపుదురు. వీనిలో ప్రాణరక్షణకు కావలసినవి కొన్ని గలవు. ఒక్క బిడ్డ నలిగినను ఏ కూర్పు అందమును దానికి సాటిరాదు. కాని అన్ని కంచెలు ఒక్కరీతివి గావు. గుంపును చిన్న చిన్న పాయలుగా చీల్చి, మధ్య మధ్య వెలికిపోవు దారి విడుచు కంచె మనిషిని కాపాడును, చోటునుండి త్రోసివేయదు. వేదికకు ఎదుట ఖాళీచోటు మిగుల్చుటకై కట్టిన కంచె వేరు. అది వీధిని మరల నాటకశాలగా మార్చును. ముందువరుస కుర్చీలు కొందరికి, వెనుక చీకటి తక్కినవారికి. మొదటి రకమును ఎక్కువచేసి రెండవదానిని తగ్గింపగల చాతుర్యము మన అధికారులకు లేకపోలేదు. బండి ఎంత వెడల్పున నడచునో, మాను ఎంతమేర ఒరుగునో, తాళ్లు పట్టువారికి ఎంత చోటు కావలెనో బాగుగా తెలిసినవారు హుకుంపేట వడ్రంగులు, బండి నడుపువారు. కంచె గుంట త్రవ్వక మునుపు వారిని పిలిచి అడుగుట మంచిది.

పల్లెలలో ఈ చిక్కు ఇంకను తక్కువ. నేటి పార్వతీపురం మన్యం జిల్లాలోని శంబర పోలమాంబ జాతరకును సిరిమాను కలదు. ఉత్తరాంధ్రమున మరి పెక్కు గ్రామదేవతలకు కలదు. విజయనగరము వెళ్లలేనివారు తమ దాపున నున్నదానినే చూడవచ్చును.

రేడియో పెట్టె ముందు కూర్చుండి ఉత్సవ వ్యాఖ్యానము వినువారికి మాను కనబడదు. బండి ఇరుసు కిఱ్ఱుమనుట, డప్పులు, ఒక్కసారిగా లేచు జనఘోష మాత్రము వినబడును. ఆ ఘోషను బట్టి కొన ఎక్కడివరకు వచ్చినదో మా ఇంటి ముసలివారు కన్నులు మూసికొని చెప్పెడివారు. మూడవ తిరుగుట ముగిసి మానును దించిన పిదప ఘోష సన్నగిల్లి, చెప్పులు వెదకుకొనువారి మాటలు, పిల్లలను పేరుపెట్టి పిలుచు కేకలు మిగులును. కూడలిలో నలిగిన అరటిపండ్లపై జారుచు, నవ్వుచు జనము ఇండ్లకు మరలుదురు.